నా గేమ్ కన్సోల్, నా ప్రోగ్రామ్: కాపీరైట్ అధికారులకు ఒక బహిరంగ లేఖ

పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగంలో (డీపీఐఐటీ) కాపీరైట్ వ్యవహారాలు చూసే అధికారులకు,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసు పని అయ్యాక, శని ఆదివారాల్లో, పాత గేమ్ కన్సోళ్ల మీద నడిచే చిన్న చిన్న తెలుగు గేములు రాస్తుంటాను. కాపీరైట్ చట్టంలో డిజిటల్ తాళాలు ఛేదించడం గురించి చెప్పే 65ఏ సెక్షన్ మీద మూడు సంగతులు అడగాలని మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. పార్లమెంటు దాకా వెళ్లాల్సింది వాటిలో ఒక్కటే. ఒకటైతే మీ వెబ్‌సైట్‌లో నాలుగు లైన్లు చేరిస్తే తీరిపోతుంది. అవి ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే ముందు ఈ పని ఎలా ఉంటుందో చెప్పాలి. గేమ్ కన్సోల్ లాక్ తీశారు (జైల్‌బ్రేక్ అంటారు దీన్ని) అనగానే వినేవాళ్లకు పైరసీ తప్ప ఇంకోటి గుర్తుకు రాదు మరి.

కంపెనీ లైసెన్సు లేకుండా, సొంతంగా రాసుకుని కన్సోల్ మీద నడుపుకునే ప్రోగ్రామ్‌ను హోమ్‌బ్రూ అంటారు. ల్యాప్‌టాప్ కొంటే దాని మీద ఏం రాసుకున్నా అడిగేవాళ్లుండరు. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, నింటెండో లోపల ఉన్నదీ కంప్యూటరే. కాకపోతే కంపెనీ డిజిటల్ సంతకం లేని ప్రోగ్రామ్‌ను అవి ముట్టుకోవు. ఆ సంతకం కావాలంటే కంపెనీతో ఒప్పందం చేసుకోవాలి, డెవలప్‌మెంట్ కిట్ తెచ్చుకోవాలి, లోపలి సంగతులు బయటపెట్టనని రాసివ్వాలి. స్టూడియోలకు అది మామూలే. అక్క కూతురికి గుణింతాలు నేర్పే గేము ఒకటి రాద్దామనుకున్న నాలాంటివాడికి అయ్యే పని కాదు.

నా దగ్గరున్నది సోనీ పీఎస్‌పీ. ప్రాసెసర్ 333 మెగాహెర్ట్జ్, మొదటి మోడల్‌లో మెమరీ 32 ఎంబీ, తెర 480 బై 272 చుక్కలు. 2014లోనే సోనీ దాన్ని పంపడం ఆపేసింది. ఇవాళ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది, పిల్లల చేతికిచ్చినా ఇంటర్నెట్ గొడవ పెద్దగా ఉండదు. అందుకే దాన్ని ఎంచుకున్నాను.

తెలుగును దాని మీదికి ఎక్కించడంలోనే సగం కాలం పోయింది. 'స్త్రీ' అన్నది మనకు ఒక అక్షరం. యూనికోడ్‌లో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఫోనులోనైతే ఈ ఆరింటినీ పోగేసి, సకారం మీద గుడిదీర్ఘం పెట్టి, తవత్తునూ క్రావడినీ ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టే సాఫ్ట్‌వేర్ ముందే ఉంటుంది. పీఎస్‌పీలో అలాంటిదేమీ లేదు. కాబట్టి అక్షరాలన్నీ కంప్యూటర్ మీద బొమ్మలుగా తయారుచేసుకుని ఆ బొమ్మలనే గేములో పెట్టుకోవాలి. అక్కడ ఇంకో చిక్కు. పీఎస్‌పీ గ్రాఫిక్స్ చిప్ 512 బై 512 చుక్కలు దాటిన బొమ్మను తీసుకోదు. గుణింతాలకు కొన్ని షీట్లు, ఒత్తులకు వేరే షీటు, ఏ ఒత్తు ఎంత కిందికి, ఎంత పక్కకు పడాలో అక్షరానికో కొలత రాసుకోవాలి. 'క్క'కు కుదిరిన కొలత 'జ్ఞ'కు కుదరదు. 'లక్ష్మి' రాస్తే మవత్తు వెళ్లి కింది లైను నెత్తిన కూర్చునేది. నింటెండో వారి ఇంకా పాత చేతి కన్సోల్ గేమ్‌బాయ్ మీద ఇంతకన్నా కష్టం. దాని తెర మొత్తం 8 బై 8 చుక్కల గళ్లు. ఇంగ్లిష్ అక్షరం ఆ గడిలో హాయిగా ఒదుగుతుంది. మన బ, భ పక్కపక్కన పెడితే ఏది ఏదో పోల్చుకోలేం, భ కింద ఉండే ఆ చిన్న గీతకు చోటే మిగలదు. నాలుగేసి గళ్లు కలిపి ఒక అక్షరం గీసుకోవాల్సిందే.

ఇక పనిముట్లు. సోనీ తన లైసెన్సుదారులకు ఇచ్చే ఎస్‌డీకే (ప్రోగ్రామ్‌లు రాసే పనిముట్ల కట్ట) వాడితే అది కాపీరైట్ ఉల్లంఘనే, అందులో వాదనకు తావు లేదు. ఈ సంగతి హోమ్‌బ్రూ రాసేవాళ్లకు అందరికన్నా బాగా తెలుసు. అందుకే కంపైలర్ ఏర్పాట్ల నుంచి లైబ్రరీల దాకా అన్నీ సొంతంగా రాసి ఓపెన్ సోర్స్‌గా పెట్టినవాళ్లున్నారు. పీఎస్‌పీకి పీఎస్‌పీడెవ్, నింటెండో కన్సోళ్లకు డెవ్‌కిట్‌ప్రో అలా వచ్చినవే. ఎవరో తెలియని మనుషులు, పైసా రాకపోయినా, ఏళ్ల తరబడి కూర్చుని చిప్‌లోని ఒక్కో రిజిస్టరు ఏం చేస్తుందో కనుక్కుని రాసిపెట్టారు. నేను వాడేది అదే.

ఇంత చేశాక గేము తయారవుతుంది. నడవదు. సంతకం లేదుగా.

రాయడం ఒక ఎత్తయితే దాన్ని నడిపించుకోవడం ఇంకో ఎత్తు. కంపెనీ మూసిన తలుపులో ఎక్కడో సందు వెతకాలి. పీఎస్‌పీకి 2007లో బ్యాటరీ ద్వారా ఒక దారి దొరికింది. దాని బ్యాటరీలో ఒక చిన్న చిప్, ఆ చిప్‌లో ఒక సీరియల్ నంబరు ఉంటాయి. ఆ నంబరు నిండా హెక్సాడెసిమల్‌లో ఎఫ్‌లు పెడితే కన్సోల్ దాన్ని సర్వీస్ సెంటర్ బ్యాటరీ అనుకుంటుంది, లోపలి ఫర్మ్‌వేర్‌ను (కన్సోల్‌ను నడిపే కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను) పక్కనపెట్టి మెమరీ స్టిక్ నుంచి బూట్ అవుతుంది. దానికి పండోరా బ్యాటరీ అని పేరు. 2011లో పీఎస్3 రహస్యాలు బయటపడ్డప్పుడు వాటితోపాటే పీఎస్‌పీ సంతకానికి వాడే రహస్య కీలు కూడా చేతికి రావడంతో ఈ అవస్థ చాలావరకు తగ్గింది.

నింటెండో వారి వీ (Wii) కన్సోల్ కథ ఇంకా చిత్రం. పాత గేమ్‌క్యూబ్ గేములు నడిపేటప్పుడు ఆ కన్సోల్ మెమరీలో కొంత భాగమే అందుబాటులో ఉండేలా కట్టడి చేశారు. కొందరు కుర్రాళ్లు సర్క్యూట్ బోర్డు మీది అడ్రస్ లైన్లను ట్వీజర్లతో ఒకదానికొకటి తాకించి, కనపడే భాగాన్ని అటూ ఇటూ జరిపి, మిగతా మెమరీలో దాగిన కీలను చదివేశారు. కనుబొమల వెంట్రుకలు పీక్కునే ట్వీజర్లే! ఆ బృందం తన పేరులో కూడా వాటినే పెట్టుకుంది. 2008లో వాళ్లే ఒక జెల్డా గేము సేవ్ ఫైలులో గుర్రం పేరును ఉండాల్సినదానికన్నా చాలా పొడుగ్గా రాసి, ఆ పేరు చదవబోయి గేము తడబడ్డప్పుడు తమ ప్రోగ్రామ్ మొదలయ్యేలా చేశారు. నింటెండో వారి స్విచ్ అనే కన్సోల్ విషయంలో 2018 ఏప్రిల్‌లో బయటపడిన లోపం ఎన్‌విడియా చిప్‌లోనే ఉంది. యూఎస్‌బీలో వచ్చిన అభ్యర్థన ఎంత పొడుగున్నదీ సరిచూసుకోకుండా అది కాపీ చేసుకుంటుంది. ఫ్యాక్టరీలోనే చిప్‌లో చెక్కేసిన కోడు కాబట్టి అప్పటికే అమ్మేసిన కన్సోళ్లలో దాన్ని అప్‌డేట్‌తో సరిచేసే వీలు లేకపోయింది. ఆ మోడ్‌లోకి వెళ్లాలంటే కుడివైపు జాయ్‌కాన్ (చేత్తో పట్టుకునే కంట్రోలర్) తొడిగే పట్టాలో పదో పిన్నును గ్రౌండ్‌కు కలపాలి. జనం పేపర్ క్లిప్పు వంచి అందులో దూర్చారు. వేరే పిన్నుకు తగిలితే కన్సోల్ పాడైనా పాడవుతుంది. అయినా దూర్చారు.

ఒకటి ఒప్పుకోవాలి. ఈ సందులన్నీ నాకు ఎంత పనికొస్తాయో దొంగ గేములు ఆడేవాళ్లకూ అంతే పనికొస్తాయి. కన్సోల్ లాక్ తీయించుకోవడానికి షాపుకొచ్చేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది ఫ్రీ గేములే, తెలుగు గుణింతాలు కాదు. కంపెనీల కోపంలో న్యాయం లేదని నేననను. నా పేచీ అల్లా, ఇద్దరినీ ఒకే గాటన కట్టొద్దనే.

మన చట్టం కట్టలేదు కూడా. అసలు విశేషం ఇదే. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ ఏమంటుంది? హక్కుల రక్షణ కోసం పెట్టిన సాంకేతిక రక్షణను ఆ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఉద్దేశం ఉండాలి. ఆ వెంటనే రెండో ఉపసెక్షన్, ఈ చట్టం స్పష్టంగా నిషేధించని పని కోసం రక్షణను దాటితే అడ్డు లేదంటుంది. అంతకుముందే, 1999 సవరణతో వచ్చిన 52వ సెక్షన్ క్లాజులున్నాయి. ఒకరు సొంతంగా రాసుకున్న ప్రోగ్రామ్ వేరే ప్రోగ్రామ్‌తో కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారం ఇంకెక్కడా తేలిగ్గా దొరకనప్పుడు, దాన్ని రాబట్టడానికి చేయాల్సిన పని చేయొచ్చు. ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తుందో గమనించి, పరీక్షించి అందులోని సూత్రాలు తెలుసుకోవచ్చు. న్యాయంగా తెచ్చుకున్న కాపీని సొంతానికి, వ్యాపారం కాకుండా, మార్చుకోవచ్చు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, డబ్బిచ్చి కొన్న పీఎస్‌పీలో నేను రాసుకున్న అక్షరాల గేము నడుపుకోవడం నేరం కాదనే అర్థమవుతుంది. సోనీ ఫర్మ్‌వేర్‌ను మార్చి పదిమందికి పంచితే అది వేరే సంగతి, అది వాళ్ల కోడు. అందుకే ఈ పని తెలిసినవాళ్లు మార్పుల వరకే పంచుతారు, అసలు ఫర్మ్‌వేర్‌ను ఎవరికి వాళ్లు కంపెనీ నుంచే తెచ్చుకోవాలి.

మరి ఇంత బాగున్న చట్టంతో ఇబ్బందేమిటి అంటారా? ఆ రెండో ఉపసెక్షన్‌కే ఒక తోక ఉంది. ఇలాంటి తప్పులేని పని కోసం ఒకరు రక్షణను దాటడానికి ఇంకొకరు సాయం చేస్తే, సాయం చేసినవాళ్లు ఆ మనిషి పేరు, చిరునామా, గుర్తుపట్టడానికి కావాల్సిన వివరాలు, ఏ పని కోసం సాయం చేశారన్నదీ పూర్తిగా రికార్డు చేసి ఉంచాలి. నేనొక్కణ్నే గదిలో కూర్చుని చేసుకుంటే పుస్తకం అక్కర్లేదు. మా కాలనీ పిల్లలకు నేర్పితే ప్రతి పిల్లాడి వివరాలతో రికార్డు రాయాలి. చట్టం తప్పు కాదంటున్న పనికి సాయం పట్టడానికి లాడ్జిలో దిగినట్టు రిజిస్టరులో పేరు రాయించుకోవడం ఏమిటి?

సికింద్రాబాద్‌లో కన్సోళ్లు రిపేరు చేసే ఒకతన్ని అడిగాను, నా గేము కావాలన్న తల్లిదండ్రులకు పాత పీఎస్‌పీలు సిద్ధం చేసి ఇస్తావా అని. చెయ్యి తిరిగిన మనిషి. సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "సార్, మీది మంచి పనే, కాదన్ను. రేపు పోలీసాయన వచ్చి డబ్బా తెరిస్తే అందులో అఆలున్నాయా, లేపుకొచ్చిన గేములున్నాయా అని చూస్తాడా? జైల్‌బ్రేక్ అంటే జైల్‌బ్రేకే అంటాడు. ఆ టెన్షన్ నాకెందుకు సార్" అన్నాడు. రికార్డు రాసుకోవాలన్న సంగతి చెబితే నవ్వాడు. వచ్చినవాళ్ల ఆధార్ కాపీ కూడా తీసుకోమంటారా అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

అతని భయం ఊరికే పుట్టింది కాదు. హైదరాబాద్‌లోనే ఒక పాత కేసుంది. రిలయన్స్ తన కస్టమర్లకు ఇచ్చిన సెల్‌ఫోన్లను టాటా ఇండికాం నెట్‌వర్క్ మీద పనిచేసేలా రీప్రోగ్రామ్ చేశారన్న ఆరోపణ మీద పెట్టిన కేసు అది. 2005లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ కేసును పూర్తిగా కొట్టేయడానికి ఒప్పుకోలేదు. సెల్‌ఫోన్ కూడా ఐటీ చట్టం ప్రకారం కంప్యూటరేనని, దాని లోపలి నంబర్లను మార్చడం సోర్స్ కోడును తారుమారు చేయడం కిందికి వస్తుందని, కాపీరైట్ కోణంలోనూ విచారణ సాగొచ్చని చెప్పింది. ఆ కేసులో పోటీ కంపెనీల వ్యాపారం ఉంది, ఒప్పంద కాలం తీరని ఫోన్లున్నాయి, నా గేముకూ దానికీ పోలిక లేదు. పైగా అది 65ఏ పుట్టకముందు మాట. అయినా రిపేరు షాపు కౌంటరు వెనక నిలబడినవాడికి ఇవన్నీ విడమరిచి చెప్పేదెవరు? ఫోన్ లోపల వేలు పెడితే కేసవుతుంది అన్న ముక్కే బజారులో మిగిలింది.

అమెరికాలో పరిస్థితి ఇంకో రకం. అక్కడ 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం 1201 సెక్షన్ తాళం తీయడాన్నే నిషేధించింది. ఎందుకు తీశావన్న ప్రశ్న ఆ నిషేధంలో షరతుగా లేదు. కొన్ని మినహాయింపులున్నాయి, మూడేళ్లకోసారి కొత్తవి అడుక్కోవచ్చు. 2010లో స్మార్ట్‌ఫోన్ల జైల్‌బ్రేక్‌కు అనుమతి వచ్చింది. 2012లో గేమ్ కన్సోళ్లకూ అడిగితే, పైరసీ పెరుగుతుందని కాదన్నారు. 2015లో మళ్లీ కాదన్నారు, అదే విడతలో స్మార్ట్ టీవీలకు మాత్రం సరేనన్నారు. 2021కి కన్సోల్‌లోని డిస్క్ డ్రైవ్ బాగుచేసుకునేంత వరకు దిగొచ్చారు. అంటే డాలస్‌లో ఎమ్మెస్ చదువుకునే మన కుర్రాడు తన ఫోన్ లాక్ తీసి సొంత ప్రోగ్రామ్ నడుపుకోవచ్చు, టీవీకీ అదే చేయొచ్చు, ఆ టీవీ కింద ఉన్న ప్లేస్టేషన్‌కు చేస్తే చట్టం కళ్లెర్ర చేస్తుంది.

పీఎస్3 గొడవ కూడా మీరు తెలుసుకోవాల్సిందే. 2006లో ఆ కన్సోల్ వచ్చినప్పుడు దాని మీద లైనక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకునే వీలును సోనీయే ఇచ్చింది. అమెరికా వాయుసేన పరిశోధకులు 1,700 పైచిలుకు పీఎస్3లను జతచేసి సూపర్ కంప్యూటర్ కట్టుకున్నారు. 2010 ఏప్రిల్ 1న ఒక అప్‌డేట్‌తో సోనీ ఆ వీలును తీసేసింది. ఏప్రిల్ ఫూల్ అనుకున్నవాళ్లు కూడా ఉండే ఉంటారు. ఆ డిసెంబరులోనే బెర్లిన్‌లో జరిగిన ఒక సభలో కొందరు హ్యాకర్లు సోనీ సంతకం గుట్టు విప్పారు. ప్రతి సంతకానికీ కొత్తగా ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసుకోవాల్సింది పోయి సోనీ ఎప్పుడూ ఒకే సంఖ్య వాడింది, రెండు సంతకాలు దగ్గరపెట్టుకుంటే కాగితం మీద ఆల్జీబ్రా చేసి రహస్య కీ రాబట్టవచ్చు. లైనక్స్ వేసుకోనిచ్చినంత కాలం ఈ కన్సోల్ తాళం మీద ఎవరూ పెద్దగా దృష్టి పెట్టలేదని, తీసేశాకే పట్టుదల పెరిగిందని వాళ్ల వాదన. 2011 జనవరిలో జార్జ్ హాట్జ్ అనే యువకుడు మూల కీని బయటపెడితే సోనీ కోర్టుకెక్కింది, ఏప్రిల్‌లో రాజీ కుదిరింది. లైనక్స్ పోగొట్టుకున్న కొనుగోలుదారులు వేసిన దావా మాత్రం ఏళ్ల తరబడి సాగి, చివరికి సోనీ పరిహారం ఇచ్చే రాజీతో ముగిసింది.

వీళ్లకూ గ్యారీ బౌజర్‌కూ తేడా ఉంది. అతని ముఠా స్విచ్‌లో దొంగ గేములు నడిపే పరికరాలు అమ్ముకుంది, 2022లో అమెరికా కోర్టు అతనికి 40 నెలల జైలు వేసింది. అలాంటి వ్యాపారాన్ని నేను వెనకేసుకురావడం లేదు. మన 65ఏ కింద కూడా అది నేరమే అవుతుంది, ఉద్దేశం కళ్లముందే కనపడుతోంది కాబట్టి. యూరప్ కోర్టు 2014 జనవరిలో నింటెండోకూ పీసీ బాక్స్ అనే కంపెనీకీ మధ్య నడిచిన కేసులో దాదాపు ఇదే తూకం చెప్పింది. పీసీ బాక్స్ హోమ్‌బ్రూ నడపడానికంటూ పరికరాలు అమ్మేది. రక్షణ అనేది అవసరానికి మించి ఉండకూడదు, ఆ పరికరాలను జనం నిజానికి దేనికి వాడుతున్నారో కింది కోర్టు చూడాలి అన్నది తీర్పు సారం.

అందుకే నా మొదటి విన్నపం: 65ఏలోని ఆ ఉద్దేశం షరతును ఎవరు ఒత్తిడి చేసినా వదులుకోకండి. అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ఏటా ఇచ్చే స్పెషల్ 301 నివేదికలో మన దేశం ఏళ్లుగా ప్రయారిటీ వాచ్ లిస్ట్‌లోనే (మేధోసంపత్తి రక్షణ సరిగా లేదని వాళ్లు అనుకునే దేశాల జాబితాలోనే) ఉంటోంది. మన తాళాల చట్టం మెత్తగా ఉందని అక్కడి కంపెనీల సంఘాల ఫిర్యాదు. 2018లో మనం ప్రపంచ మేధోసంపత్తి సంస్థ వారి ఇంటర్నెట్ ఒప్పందాల్లో చేరాం. ఆ ఒప్పందాలు అడుగుతున్నది తగినంత రక్షణ, సమర్థమైన పరిష్కారాలు. ఉద్దేశం చూడొద్దని అవి ఎక్కడా చెప్పలేదు. వాణిజ్య ఒప్పందాల బేరసారాల్లో ఇలాంటి చిన్న షరతులు చివరి రాత్రి చర్చల్లో ఎవరికీ పట్టకుండా జారిపోతుంటాయి. దీన్ని జారనివ్వకండి.

రెండోది ఆ రికార్డు షరతు. మార్చాలంటే చట్ట సవరణ కావాలని నాకు తెలుసు. ఈసారి కాపీరైట్ చట్టాన్ని ముట్టుకున్నప్పుడు, డబ్బు తీసుకోకుండా నేర్పేవాళ్లను, బడులను, కాలేజీలను, లైబ్రరీలను దాన్నుంచి మినహాయించండి. ఎవరైనా దొంగ గేములు నింపి అమ్ముతుంటే వాళ్లను పట్టుకోవడానికి ఒకటో ఉపసెక్షన్ చాలు. దొంగ ఎలాగూ రిజిస్టరు రాయడు. రాసేది ఎవరంటే పాపం చట్టానికి భయపడే మాస్టారే.

మూడోది అన్నిటికన్నా తేలిక. కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి. వాటిలో ఇంకొకటి చేర్చండి: "నేను కొన్న పరికరంలో నేనే రాసిన ప్రోగ్రామ్ నడుపుకోవడానికి దాని లాక్ తీయవచ్చా?" జవాబు 52, 65ఏ సెక్షన్లను ఉటంకిస్తూ నాలుగు లైన్లలో రాయండి. ఏది కూడదో కూడా అక్కడే రాయండి: కొనని గేముల కాపీలు, కంపెనీ ఫర్మ్‌వేర్ పంచడం, లైసెన్సు లేని ఎస్‌డీకే వాడడం. తెలుగులో కూడా పెడితే ఆ కాగితాన్ని ప్రింటు తీసి రిపేరు షాపతను కౌంటరు అద్దం కింద పెట్టుకుంటాడు. పోలీసాయన వచ్చినా చూపించడానికి ఒక కాగితమంటూ ఉంటుంది.

కంపెనీలకు దీనివల్ల నష్టమేమో అని మీకు సందేహం రావచ్చు. మైక్రోసాఫ్ట్ సంగతి చూడండి. 2016 నుంచి మామూలు షాపులో కొన్న ఎక్స్‌బాక్స్ వన్‌ను డెవలపర్ మోడ్‌లోకి మార్చుకునే వీలు ఇచ్చింది. అప్పట్లో వ్యక్తిగత ఖాతాకు ఒకసారి కట్టే ఫీజు 19 డాలర్ల చిల్లర. ఆ మోడ్‌లో సొంత ప్రోగ్రామ్‌లు నడుస్తాయి, షాపులో కొన్న గేములు నడవవు. రెండు గదులకు మధ్య గోడ కట్టేశారు. హోమ్‌బ్రూ రాసేవాళ్లకు తాళం పగలగొట్టాల్సిన అవసరం పోయింది, ఆ కన్సోల్ పైరసీకి ఏళ్ల తరబడి లొంగకుండా నిలిచింది. ఆ కంపెనీకి ఈ తెలివి ఉత్తపుణ్యానికి రాలేదు. 2002లో ఎంఐటీ విద్యార్థి ఒకరు మొదటి ఎక్స్‌బాక్స్ బోర్డు మీది వైర్లలో పారే సమాచారాన్ని పట్టి కీ చదివేశాడు, ఆ తర్వాత ఆ డబ్బా మీద హోమ్‌బ్రూ వెల్లువలా వచ్చింది. అందులో ఒకటి వీడియోలు, పాటలు ఆడించే ఎక్స్‌బీఎంసీ. 2014లో దాని పేరు కోడి అయింది. ఇవాళ ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల్లో, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్లలో కనపడే ఆ కోడీయే. మొదట్లో దాన్ని రాయడానికి మైక్రోసాఫ్ట్ ఎస్‌డీకే తప్ప దారి లేకపోవడంతో ఆ బృందం సోర్స్ కోడు ఇచ్చేది కానీ తయారైన ప్రోగ్రామ్‌ను పంచేది కాదు. చట్టం భయంతో అంత ఒదిగి ఉండి కూడా అంత పని చేశారు.

మన ప్రభుత్వాలూ గేమింగ్ గురించి మాట్లాడుతున్నాయి. 2022 బడ్జెట్‌లో యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం టాస్క్‌ఫోర్స్ ప్రకటించారు. 2009లో హైదరాబాద్ స్టూడియో ఒకటి పీఎస్2 కోసం హనుమంతుడి మీద గేము చేసింది, సోనీయే దాన్ని ప్రచురించింది. అలాంటివి ఇంకా రావాలంటే చిప్ దగ్గర కూర్చుని పని చేయగలిగినవాళ్లు కావాలి. యూనిటీ అనే గేముల సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు జరపడం కోచింగ్ సెంటర్లో నేర్చుకోవచ్చు. 32 ఎంబీలో తెలుగు ఒత్తులు ఇరికించడం మాత్రం అలా ఇరికించి చూస్తేనే వస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీల్లో మైక్రోప్రాసెసర్ ల్యాబులంటే పాత 8085 చిప్ కిట్లు, రికార్డులు కాపీ కొట్టడాలు అన్నది మీకూ తెలిసే ఉంటుంది. అదే పిల్లల చేతిలో ఒక పాత పీఎస్‌పీ పెట్టి, దీని మీద మీ పేరు తెలుగులో రాయించండి చూద్దాం అంటే రాత్రి పన్నెండైనా ల్యాబు వదలరు.

ఒప్పందాల పేరుతో కంపెనీలు పెట్టే మెలికలు వేరే ఉన్నాయి. నింటెండో 2025 మేలో అమెరికా వాడకందార్ల కోసం మార్చిన ఒప్పందంలో, నిబంధనలు మీరితే కన్సోల్‌ను శాశ్వతంగా పనికిరాకుండా చేయొచ్చని రాసుకుంది. డబ్బు మనది, డబ్బా మన ఇంట్లోది, ఆయుష్షు మాత్రం వాళ్ల చేతిలో. అది మీ విభాగం పరిధి కాదు, వినియోగదారుల వ్యవహారాల శాఖకు విడిగా రాస్తాను.

వచ్చే ఎండాకాలం సెలవుల్లో మా కాలనీ లైబ్రరీలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు పాత పీఎస్‌పీల మీద ప్రోగ్రామింగ్ క్లాసులు పెట్టాలనుకుంటున్నాను. నా గేము సోర్స్ కోడు, పిల్లలకు చెప్పబోయే పాఠాలు, కన్సోళ్లు కొన్న బిల్లులు అడిగితే పంపిస్తాను. ఇందులో మీకు అభ్యంతరం ఉన్నది ఏదైనా ఉంటే ఏ సెక్షన్ కిందో చెప్పండి, ఆ పాఠం తీసేస్తాను. లేదంటే లేదని రాయండి. మార్చి చివరిలోగా జవాబు వస్తే మేలు, ఏప్రిల్‌లో పిల్లల పేర్లు రాసుకోవడం మొదలుపెడతాను. అప్పటికి రాకపోతే లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని, పేరు, చిరునామా, ఏ పని కోసం అని మూడు గడులు గీసి క్లాసు మొదలుపెట్టేస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు,
హైదరాబాద్‌కు చెందిన ఒక హోమ్‌బ్రూ రచయిత